సీజన్ లేని నెలల్లో దావోస్

దావోస్ పేరు చెప్పగానే మనవాళ్లు జనవరిలో జరిగే ప్రపంచ ఆర్థిక వేదిక సదస్సు గురించే అడుగుతారు. 1971లో మొదలైన ఆ సదస్సు ఏడాదికి ఒక్క వారం వ్యవహారం. మిగిలిన రోజుల్లో ఇది స్విట్జర్లాండ్ తూర్పు కొసన, 1,560 మీటర్ల ఎత్తున, ఇరుకు లోయలో పొడవుగా పరుచుకున్న చిన్న ఊరు. జనాభా దాదాపు 11 వేలు. ఒక పరిశోధన సంస్థలో కంప్యూటర్ల పని మీద నేనిక్కడికి వచ్చి నాలుగేళ్లు దాటింది.

ఆ వారంతో నా తొలి పరిచయం అద్దె ఒప్పందంలో జరిగింది. జనవరిలో సదస్సు జరిగే రోజులకు ఇల్లు ఖాళీ చేసి ఇవ్వాలని ఇంటి యజమాని ఒక షరతు రాయించాడు. ఆ రోజుల అద్దె మినహాయిస్తానని చెప్పడమే ఆయన ఔదార్యం. వేరే ఇల్లు దొరికే ఆశ లేక సంతకం పెట్టి, ఆ చలికాలం రెండు పెట్టెలతో సహోద్యోగి ఇంటి హాల్లో తలదాచుకున్నాను. కొండ ఊళ్లో ఉద్యోగం దొరకడం కంటే ఇల్లు దొరకడం కష్టమని వచ్చేముందు నాకెవరూ చెప్పలేదు. ఉన్న గదుల్లో చాలా భాగం సెలవులకు వచ్చేవారి కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది.

నిజానికి ఈ ఊరిని కట్టినవారే పరాయివాళ్లు. లోయలో మొదట స్థిరపడ్డ వాల్జర్లు పశ్చిమాన వలై ప్రాంతం నుంచి కొండలు దాటి వచ్చినవారు. వారికి ఈ భూమిని ఇచ్చిన పత్రం 1289 నాటిది. జర్మనీలో విప్లవం విఫలమయ్యాక పారిపోయి వచ్చిన అలెగ్జాండర్ స్పెంగ్లర్ 1853లో ఇక్కడ వైద్యుడిగా చేరి, ఈ పొడి గాలి క్షయరోగులకు మేలు చేస్తుందని ప్రచారం చేశాడు. జబ్బుపడిన భార్యను 1867లో తీసుకొచ్చిన డచ్చివాడు విల్లెమ్ యాన్ హోల్స్‌బోయర్, ఆమె చనిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయి, స్పెంగ్లర్‌తో కలిసి చికిత్సాలయం పెట్టి, ఆపైన 1890 నాటికి లాండ్‌క్వార్ట్ నుంచి ఇక్కడి దాకా రైలు వేయించాడు. నేను వచ్చిందీ ఆ రైలు దారినే. ఒకరు శరణార్థి, ఒకరు రోగి భర్త. ఏటా నా బి పర్మిట్, అంటే ఇక్కడ నివసించే అనుమతి, పొడిగింపుకు దరఖాస్తు నింపేటప్పుడు, రాకకు కారణం అన్న గడి దగ్గర, వీళ్లిద్దరూ ఏమి రాసేవారా అని ఆలోచిస్తుంటాను.

ఎత్తుకు శరీరం త్వరగానే అలవాటు పడుతుంది, వంటిల్లు మాత్రం పడదు. నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి కుక్కర్ లేకుండా వండితే అన్నంలో పలుకు మిగులుతుంది, కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. ఆ పప్పు కొనాలన్నా రైల్లో రెండున్నర గంటలు ప్రయాణించి జ్యూరిచ్ వెళ్లాల్సిందే. చలికాలమంతా సాయంత్రం ఐదింటికి మంచుచరియల హెచ్చరిక చూడటం అలవాటైంది. ఐదు స్థాయిల్లో మూడోది వస్తే మధ్యస్థమే కదా అని మొదట్లో ధీమాగా ఉండేవాణ్ణి. మంచుచరియల కింద ఎక్కువ ప్రాణాలు పోయేది ఆ మూడో స్థాయి రోజుల్లోనేనని, నాలుగైదు స్థాయిల్లో జనం ఎలాగూ కొండెక్కరని, ఒక సహోద్యోగి మందలింపుగా చెప్పాడు.

ఇంతకీ ఈ ఊరు మనిషిని గుర్తించేది సీజన్ లేనప్పుడే. ఈస్టర్ తర్వాత రోప్‌వేలు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి, హోటళ్ల తలుపుల మీద సెలవు కాగితాలు వెలుస్తాయి, చలికాలం పనికి వచ్చిన పోర్చుగీసువాళ్లూ ఇటాలియన్లూ పెట్టెలు సర్దుకుంటారు. సగం కరిగిన మంచు కింద గోధుమరంగు గడ్డి, మూసి ఉన్న దుకాణాలు, ఖాళీ బస్సులు. అక్టోబర్ చివర మళ్లీ ఇదే కథ. దీన్ని ఇక్కడ త్స్విషెన్‌సెజోన్ అంటారు, అంటే రెండు సీజన్ల నడిమి కాలం. మొదటి ఏడాది ఆ నెలల్ని భరించలేక సెలవు పెట్టి పారిపోయాను. రెండో ఏడాది సెలవులు మిగలక ఉండిపోయాను. అప్పుడే, ఏడాదిన్నరగా మెట్ల మీద ముక్తసరి నమస్కారంతో సరిపెట్టిన కింది అంతస్తు పెద్దావిడ, అందరూ వంతులవారీగా బట్టలు ఉతుక్కునే గదిలో ఆగి, “మీరు ఉండిపోయారే!” అంది. నా జర్మన్ బాగుపడినందుకు కాదు, మే నెల మొదటి వారంలో నేను ఆ గదిలో కనబడినందుకు.

మరుసటి నవంబర్‌లో ఆమె నన్ను కాఫీకి పిలిచి, ఇకపై తనను ‘జీ’ అనవద్దని, ‘డూ’ అనమని చెప్పింది. మన లెక్కలో చెప్పాలంటే మీరు మానేసి నువ్వు అనమనడం. ఇక్కడ ఆ మాట పెద్దవాళ్లే ముందు అనాలి, అంటే అది గౌరవం, కాదనడం మర్యాద కాదు. కానీ ఆమె వయసు 78. మా అమ్మమ్మను ఏనాడూ ఏకవచనంలో పిలిచి ఎరగని నోరు నాది. బుద్ధిగా తల ఊపి వచ్చాను. అప్పటి నుంచి ఆమెతో మాట్లాడేటప్పుడల్లా, సర్వనామం అవసరం పడకుండా వాక్యాన్ని ఎటు తిప్పాలా అని ముందే వెతుక్కుంటున్నాను: “ఈ మంగళవారం ఉతుకు గది ఖాళీయేనా?”