చివరి డోసు ఎన్నింటికి వేశారు?

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సమ్మర్ క్యాంపు పెట్టిన మొదటి ఏడు, అంటే 2025లో, నాకో వింత సంగతి కనిపించింది. పిల్లలకు జ్వరం సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకే వస్తోంది. పొద్దున తొమ్మిదింటికి గంతులేస్తూ వచ్చిన పిల్ల అన్నం తిని చాప మీద కూర్చోగానే కళ్ళు వాల్చేస్తుంది. చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతుంటుంది. ఇవాళ ఒకరు, రేపు ఇంకొకరు. రెండో వారం వచ్చేసరికి గడియారం ఒంటిగంట దగ్గరికి వస్తోందంటే నాకు దడ మొదలయ్యేది.

కారణం కనిపెట్టడానికి డాక్టరు చదువేమీ అక్కర్లేదు. ఎనిమిదింటికి పాలతో పాటు పారాసెటమాల్ సిరప్ పడుతుంది. అది పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. తర్వాత లెక్క మీరే వేసుకోండి.

నాకింత బాగా ఎలా తెలుసంటే, నేనూ అదే పని చేశాను. రెండో సోమవారం పొద్దున మా ఐదేళ్ళవాడికి ఒళ్ళు వెచ్చగా ఉంది. థర్మామీటరు 99.9 చూపించింది. కింద ముప్పై నాలుగు మంది పిల్లలు, డ్రాయింగ్ మాస్టారు, ఆయమ్మ అందరూ నా కోసం చూస్తున్నారు. మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు. వాణ్ణి ఎవరి దగ్గర వదలను? సిరప్ కొలిచి నోట్లో పోసి, చెయ్యి పట్టుకుని లిఫ్టులో తీసుకెళ్ళిపోయాను. బుధవారానికి వాడి అరచేతుల్లో, అరికాళ్ళలో ఎర్రటి పొక్కులు. నోట్లో పుండ్లు, మజ్జిగ గుక్కకి కూడా ఏడుపు.

హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ డిసీజ్ అన్నారు. దీనికి మన భాషలో వాడుక పేరే లేదు. చాలా వరకు వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది, ప్రత్యేకంగా మందంటూ లేదు. కానీ అప్పటికే వాడు రెండు రోజుల పాటు క్లే పిసికాడు. ఆ క్లే డబ్బాను తర్వాత చెత్తలో వేయబోతూ మూత తీసి చూశాను. ఆకుపచ్చ ముద్దలో చిన్న పంటి గుర్తులు, ఐదారు, దేనికది వేరే సైజు. నాలుగైదేళ్ళ పిల్లలకు క్లే ఇస్తే నోట్లో పెట్టుకుంటారన్న ఆలోచన ఇద్దరు పిల్లల తల్లినైన నాకే తట్టలేదు. ముప్పై నాలుగు మందిలో పందొమ్మిది మందికి వచ్చింది. మూడో వారంలో క్యాంపు ఎత్తేశాం. వాడి నుంచే అందరికీ అంటిందో, అంతకుముందే ఎవరి నుంచో వాడికి అంటిందో తెలిసే దారి లేదు. ఆ సిరప్ సంగతి మాత్రం అప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు జనవరిలో అసోసియేషన్ వాళ్ళు మళ్ళీ అడిగితే, ముందు జబ్బుల రూల్స్ రాసుకుని, ఆ తర్వాతే డాన్సు మాస్టారిని మాట్లాడదామన్నాను. డి బ్లాకులో ఒక పిల్లల డాక్టరమ్మ ఉంటారు. ఒక ఆదివారం పెసరట్లు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నేను ఇంటర్నెట్‌లో చూసి రెండు పేజీలు రాసుకెళ్ళాను. ముక్కు కారితే ఇంటికి, దగ్గితే ఇంటికి, పేలుంటే ఇంటికి. ఆవిడ పెన్ను తీసుకుని సగం కొట్టేశారు. "ముక్కు కారే వాళ్ళందర్నీ పంపించేస్తే నీకు క్యాంపే ఉండదమ్మా. పేలు రోగాలేమీ మోసుకురావు, సాయంత్రం వాళ్ళమ్మకు చెప్తే చాలు" అన్నారు.

మిగిలినవి కొన్నే. ఒళ్ళు 100.4 ఫారెన్‌హీట్ దాటితే క్యాంపు లేదు. జ్వరం తగ్గాక, మందు వేయకుండానే 24 గంటలు గడవాలి. వాంతులు, విరేచనాలకూ అంతే, చివరిసారి అయినప్పటి నుంచి 24 గంటలు. పుసి కారే కళ్ళకలక అయితే డాక్టరు చూశాకే. ఆటలమ్మ అయితే ప్రతి పొక్కూ ఎండి చెక్కు కట్టేదాకా. ఇంతే.

అసలు గొడవ ఈ రూల్స్‌తో రాలేదు, డబ్బుతో వచ్చింది. మొదటి ఏడు ఫారం చివర "కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు" అని మేమే అచ్చు వేయించాం. ఇరవై రోజులకు ఆరు వేలు. అంటే పిల్లాణ్ణి ఇంట్లో ఉంచితే రోజుకు మూడు వందలు పోయినట్టే. దానికి తోడు అమ్మకో నాన్నకో ఒక సెలవు. మాది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నడిచే క్యాంపు. నిజం చెప్పాలంటే డాన్సు, చెస్సు అన్నవి పేరుకే. బడి లేని ఆ ఏడు వారాలు తల్లిదండ్రులు ఉద్యోగాలకు వెళ్ళగలగడమే అసలు సంగతి. అలాంటప్పుడు సిరప్ పోసి పంపడం వాళ్ళ తప్పా, మా ఫారం తప్పా? జబ్బుతో మానేసిన ప్రతి రోజుకూ మూడు వందలు వెనక్కిస్తామని రాద్దామన్నాను. ట్రెజరర్ గారు ఎగిరిపడ్డారు. ఊరికెళ్ళి వచ్చి జ్వరమని చెప్పి డబ్బులు లాగేస్తారని ఆయన భయం. ఆ మీటింగులో, నలుగురి ముందూ, పోయినేడు నేను చేసిన పని చెప్పేశాను. చెప్పి గెలుద్దామని కాదు, ఆ క్షణంలో నోరు జారింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఎదురు ఫ్లాట్ అక్క "మా వాడికి కూడా వేసే పంపాను, నీకు చెప్పలేదు" అంది. ట్రెజరర్ గారు ఫ్యాను వైపు చూస్తూ సరేనన్నారు.

ఫారంలో రెండు ఫోన్ నంబర్లు అడిగాం, పిలిస్తే ముప్పావు గంటలో వచ్చేవాళ్ళవి. ఒకమ్మాయి ఇచ్చిన రెండు నంబర్లూ భార్యాభర్తలవే. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరట. చివరికి కింద ఫ్లోరు తాతగారి నంబరు రాశారు. ఆయన క్యాంపు నడిచినన్నాళ్ళూ ఫోను జేబులో పెట్టుకుని, నిజంగానే డ్యూటీ చేసినట్టు తిరిగారు.

టీకా కార్డు ఫోటో కూడా అడిగాం. అప్పుడు తెలిసిందేంటంటే, చాలామంది "అన్నీ వేయించాం" అంటారు గానీ, సర్కారు టీకాల్లో ఆటలమ్మ టీకా లేదు, గవదబిళ్ళలదీ లేదు. మీజిల్స్, రుబెల్లాలకు వేస్తారు గానీ అందులో గవదబిళ్ళలది కలవదు. ఆ రెండూ బయట డబ్బులు పెట్టి వేయించుకోవాలి. సర్కారు ఆసుపత్రిలోనే అన్నీ వేయించిన వాచ్‌మన్ గారి అమ్మాయి కార్డు పూర్తిగా నిండి ఉంది. కానీ ఆ రెండూ లేవు. ఎవర్నీ వద్దనలేదు. ఎవరికి లేవో ఒక కాగితం మీద రాసి డాక్టరమ్మకు ఇచ్చాను. తర్వాత ఆ కాగితమే అక్కరకొచ్చింది.

ఇక గేటు దగ్గర సంగతి. నుదుటికి గురిపెట్టే థర్మామీటరు గన్ కొన్నాం. మొదటి రోజే ఏడుగురు పిల్లలకు వరసగా నూటొకటి. నేను హడలిపోయాను. ఆయమ్మ వచ్చి గన్ ముట్టుకుని, "ఇదే కాలిపోతోందమ్మా, జ్వరం దీనికి" అంది. తూర్పు కిటికీ గట్టు మీద ఎండలో పెట్టి మర్చిపోయాను. పైగా పిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటూ ఎండలోంచి వస్తారు, నుదురు వేడిగానే ఉంటుంది. అప్పటి నుంచి పది నిమిషాలు ఫ్యాను కింద బొమ్మలు గీయించి, ఆ తర్వాత చూడటం. అనుమానం వస్తే చంకలో మామూలు డిజిటల్ థర్మామీటరు పెట్టడం.

కానీ గన్ కంటే పనికొచ్చింది ఒక ప్రశ్న. "జ్వరమేమైనా ఉందా?" అని అడిగితే ఎవరైనా "లేదక్కా" అనే అంటారు, ఆ నిమిషానికి అది నిజం కూడా. అందుకని అడిగే తీరు మార్చాను. నవ్వుతూ, చాలా మామూలుగా, "చివరి డోసు ఎన్నింటికి వేశారు?" అనేదాన్ని. వేయని వాళ్ళు "డోసేంటక్కా?" అని వింతగా చూసేవాళ్ళు. వేసిన వాళ్ళ నోటి నుంచి టైము వచ్చేసేది. "ఏడున్నరకి" అనేసి నాలుక కరుచుకునేవాళ్ళు. "ఈ రోజు మూడు వందలు వెనక్కొస్తాయి, తీసుకెళ్ళు తల్లీ" అనేదాన్ని. మొదటి వారం నలుగురు అలా దొరికారు. రెండో వారం నుంచి పొద్దున్నే మెసేజులు రావడం మొదలైంది: "రాత్రి వంద ఉంది, ఈరోజు రాడు." క్యాంపు అయ్యేసరికి మొత్తం ముప్పై ఏడు రోజుల డబ్బు, పదకొండు వేల నూరు రూపాయలు, తిరిగిచ్చాం. ట్రెజరర్ గారు ప్రతి రూపాయికీ సంతకం పెట్టించుకున్నారు.

శానిటైజరు మీద నమ్మకంతో మొదటి ఏడు ఐదు లీటర్ల క్యాను కొన్నాం. హ్యాండ్ ఫుట్ మౌత్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉండదట, ఆల్కహాలు దాన్ని సరిగా చంపదు. విరేచనాలు తెచ్చే నోరోవైరస్ కూడా అంతే. సబ్బు రుద్ది నీళ్ళతో వదిలించుకోవాల్సిందే. పైగా ఈ వైరస్ పొక్కులు మానాక కూడా వారాల పాటు మలంలో పోతూనే ఉంటుంది. కాబట్టి పిల్లాణ్ణి ఎన్నాళ్ళు ఇంట్లో ఉంచినా, బాత్రూం నుంచి వచ్చాక చెయ్యి కడగకపోతే లాభం లేదు. ఇరవై సెకన్లు కడగాలని చెబితే పిల్లలకు అర్థం కాదు. అందుకని రెండో ఎక్కం పెట్టాం. సబ్బు రుద్దుతూ రెండు ఒకట్ల రెండు నుంచి రెండు పదులు ఇరవై దాకా చెప్పాలి, అప్పుడే కుళాయి తిప్పాలి. ఎక్కం ఎంత స్పీడుగా చెబుతున్నారో చూడటానికి ఆయమ్మ సింకు పక్కనే స్టూలేసుకుని కూర్చునేది. ఆమెకే ఎక్కం వచ్చేసింది.

క్లే ఎవరి డబ్బా వాళ్ళదే, మూత మీద పేరు. నీళ్ళ సీసా కూడా ఇంటి నుంచే. పెయింటింగ్ క్లాసు మగ్గులు రాత్రి బోర్లించకపోతే డ్రాయింగ్ మాస్టారికి నా చేతిలో చీవాట్లు. మగ్గుడు నీళ్ళు చాలు దోమకు, గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో కొత్త దోమ లేస్తుంది. డెంగీ దోమ కుట్టేది కూడా పగలే, పిల్లలు మా దగ్గరుండే టైములోనే.

ఎండల సంగతి వేరు. రోహిణి కార్తె రాకముందే క్యాంపు ముగించాలన్నది ముందే అనుకున్నాం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తెచ్చి పెట్టాం. ఒకావిడ పిల్లాడితో ఓఆర్‌ఎస్ అనుకుని తియ్యటి పళ్ళ రసం డబ్బా పంపించింది, ఇంట్లో పాత స్టాకు. 2025 అక్టోబరులో, తిండి పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా కాని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడొద్దంది. దాని వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారి ఏళ్ళ తరబడి పోరాటం ఉంది. అయినా అలవాటు ఒక్కసారిగా పోదు. మా ఆయమ్మయితే ఇంకో రకం. లీటరు నీళ్ళకు కలపాల్సిన ప్యాకెట్టును అరలీటరు సీసాలో పోసేది, "చిక్కగా ఉంటే బలమని". అలా కలిపితే ఉప్పు ఎక్కువై మేలు కన్నా కీడే. జగ్గు మీద లీటరు దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీసి ఇచ్చాను.

మూడో వారం సోమవారం సాయంత్రం సి బ్లాకు బామ్మగారి నుంచి ఫోను. మనవడికి అమ్మవారు పోసిందన్నారు. వాడు ఆ పూటంతా మాతో ఖోఖో ఆడాడు. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుందని తెలిసినా, చేయగలిగిందేమీ లేదు. పేరు రాయకుండా అందరికీ మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో పేరు అపార్ట్‌మెంటంతా తెలిసిపోయిందనుకోండి, అది నా చేతిలో లేదు. బి బ్లాకులో ఒకమ్మాయికి ఏడో నెల, వాళ్ళ పెద్దపాప మా క్యాంపులోనే. ఆమెకు విడిగా ఫోన్ చేసి, రాత్రికి రాత్రే మీ డాక్టరుతో మాట్లాడమన్నాను. చిన్నప్పుడు ఆటలమ్మ రాని గర్భిణులకు అది వస్తే మామూలు విషయం కాదు. టీకా లేని పిల్లల కాగితం తీసుకుని డాక్టరమ్మ ఆ రాత్రే ఇళ్ళకు ఫోన్లు చేశారు. అంటిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు టీకా వేస్తే చాలాసార్లు ఆపవచ్చట. వాచ్‌మన్ గారి అమ్మాయితో కలిపి ఐదుగురికి వేయించారు. ఆ అమ్మాయిది అసోసియేషన్ ఖర్చు, ఈసారి ట్రెజరర్ గారు సంతకం కూడా అడగలేదు. పొక్కులు తేలడానికి 10 నుంచి 21 రోజులు పట్టవచ్చు కాబట్టి క్యాంపు అయిపోయాక కూడా జూన్ మొదటి వారం దాకా నేను రోజూ ఫోను చూసుకుంటూనే ఉన్నాను.

ఈ రూల్స్ గురించి నేను నచ్చజెప్పాల్సిన అవసరం రానిది ఒక్క ఆ బామ్మగారికే. ఆవిడ గుమ్మానికి వేపమండలు కట్టేశారు. ఇంట్లోకి ఎవర్నీ రానివ్వలేదు, వాణ్ణి గడప దాటనివ్వలేదు. నేను ఫారంలో రాసిన దాని కంటే ఆవిడది కఠినమైన పద్ధతి. తొమ్మిదో రోజు వేపాకు, పసుపు నీళ్ళతో తలకు పోసి, పదో రోజు పొద్దున వాణ్ణి గేటు దగ్గరికి తీసుకొచ్చారు. ఇంకా మూడు రోజుల క్యాంపు మిగిలి ఉంది. చొక్కా పైకెత్తి, వీపు తిప్పి, "అన్నీ చెక్కు కట్టాయి, చూసుకో" అన్నారు. నిజమే, అన్నీ నల్లబడి ఎండిపోయాయి. వాడు బ్యాగులోంచి క్లే డబ్బా తీసేశాడు అప్పటికే. నేను చెవి వెనక జుట్టు పక్కకి తప్పించి చూశాను. అక్కడ ఒకటి ఇంకా తడిగా మెరుస్తోంది.

బామ్మగారు కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. ఏమీ అనకుండా వాడి చొక్కా కిందికి లాగి, డబ్బా మళ్ళీ బ్యాగులో పెట్టారు. "రేపు పొద్దున చూపిస్తాం" అన్నారు. వాడు లిఫ్టు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళాడు.