గోడ మీది రిక్షియా, డబ్బాలో మార్కాంషియా: నా అనుభవం

బెంగళూరులో జూన్ వానలు నాలుగు పడితే చాలు, ప్రహరీ గోడ అడుగున, సంపు మూత చుట్టూ, నీడన ఉన్న పూలకుండీల్లో పచ్చగా పరుచుకుంటుంది. మా ఇళ్లలో అంతటినీ కలిపి పాకుడు అంటారు, తీగబ్రష్ పెట్టి గీకేస్తారు. నిజానికి అందులో ఆల్గే, మాస్ మొక్కలు, లివర్‌వర్టులు (నేలను అంటుకుని పెరిగే, పూలు పూయని చిన్న మొక్కలు) వేటికవి వేరుగా ఉంటాయి. ఇంటర్ బోటనీలో రిక్షియా, మార్కాంషియా అనే లివర్‌వర్టుల బొమ్మలు వేసిన రోజుల నుంచీ వాటిని ప్రాణంతో చూడాలని ఉండేది. ఆ కోరిక జె.పి.నగర్‌లో మా ఇంటి గోడ దగ్గరే తీరింది.

ముందుగా నగల పనివాళ్లు వాడే లూపు, అంటే పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, కొనుక్కున్నాను. అది లేకపోతే ఈ పని సాగదు. కాండం, ఆకులు లేకుండా నేలకు అతుక్కుని, కొసల దగ్గర రెండేసిగా చీలుతూ పాకే పచ్చటి పట్టీ కనిపిస్తే లివర్‌వర్ట్ అయ్యుండొచ్చు. అయ్యుండొచ్చు అంతే, ఎందుకంటే అలాంటివే ఇంకా ఉన్నాయి. మా కుండీలో ఒక మూల గుండె ఆకారంలో పలచటి చిన్న రేకులు మొలిచాయి. పీకకుండా రోజూ నీళ్లు చిలకరిస్తూ వచ్చాను. కొన్ని వారాలకు గుండె నొక్కులోంచి బుల్లి ఆకు ఒకటి పైకి లేచింది. అవి ఫెర్న్ మొక్క తొలిదశ రేకులన్నమాట. లివర్‌వర్ట్‌లాగే కనిపించే ఆంథోసెరాస్ అనే హార్న్‌వర్ట్ (కొమ్ముల మొక్క) కూడా అంతే. దాని ఒంట్లో నాస్టాక్ బ్యాక్టీరియా గూళ్లు ముదురు చుక్కల్లా కనిపిస్తాయి గానీ, కొమ్ములు నిలువుగా లేచాక ఇక సందేహమే ఉండదు. గుర్తుపట్టడంలో సగం పని పెంచి చూడడమే అని నాకు వీటితోనే తెలిసింది.

గోడ అడుగున మట్టిలో దొరికింది రిక్షియా. పట్టీలన్నీ ఒక చోటి నుంచి బయలుదేరి గుండ్రంగా పరుచుకుంటాయి, ఒక్కోదాని నడుమ సన్నటి గాడి ఉంటుంది. మార్కాంషియాకు లేచేలాంటి కాడలు, గొడుగులు (ఆడ, మగ భాగాలను మోసేవి) దానికి రావు. సిద్ధబీజాల (స్పోర్ల) సంచి థాలస్ (పట్టీలాంటి మొక్క ఒళ్లు) లోపలే పండి నల్లటి చుక్కలా కనిపిస్తుంది, థాలస్ కుళ్లాకే బీజాలు బయటపడతాయి. కనకపుర రోడ్డు వైపు ఒక రాతిగట్టు మీద చూసిన ప్లాజియోకాస్మా అనే మరో లివర్‌వర్ట్ నాకు మరీ ఇష్టం. ఎండలో అంచులు లోపలికి ముడుచుకుని, కిందివైపు ఊదారంగు పొలుసులు పైకి తేలి నల్లటి తాళ్లలా పడి ఉంటుంది. సీసాలో నీళ్లు కాసిని చల్లితే కళ్లముందే విచ్చుకుని పచ్చబడింది.

మార్కాంషియా మాత్రం నర్సరీలో ఫెర్న్ కుండీలో దొరికింది. నర్సరీవాళ్లకు అది కలుపు, అడగ్గానే ఊడదీసి ఇచ్చేశారు. పైన వజ్రం ఆకారపు గళ్లు, ఒక్కో గడి మధ్య ఒక రంధ్రం, అక్కడక్కడ గుండ్రటి జెమ్మా కప్పులు (జెమ్మాలంటే విడిపడి కొత్త మొక్కలయ్యే పచ్చటి చిన్న బిళ్లలు). కప్పులు నెలవంకలా ఉంటే లూనులేరియా అనే వేరే లివర్‌వర్ట్ అనుకోవాలి.

"ఏమ్మే, పాకుడును గీకేస్తారు గానీ డబ్బాల్లో పెట్టి పెంచుతారా?" అని అడిగింది హిందూపురం నుంచి వచ్చిన మా అత్తమ్మ. మర్నాడు లూపు పట్టుకుని కప్పుల్లోకి ఆవిడే చూస్తూ కూర్చుంది.

పెంచడంలో అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. మా బోరు నీళ్లు ఆరితే బకెట్ మీద తెల్లటి పొర కడుతుంది. లివర్‌వర్టులకు నిజమైన వేళ్లు లేవు, ఒళ్లంతటితోనూ నీళ్లు పీల్చుకుంటాయి. నీళ్లతోపాటు ఉప్పూ చేరుతుంది. అందుకే మేడమీద పట్టిన వాననీళ్లే పోస్తాను, అవి అయిపోతే ఆర్వో నీళ్లు. కోకోపీట్‌లోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు కడిగి, సన్నటి ఇసుక, జల్లించిన మట్టి కలిపి, సలసల కాగిన నీళ్లు పోసి చల్లారనిస్తాను. ఈ పని మానేస్తే మొక్క కన్నా ముందు ఆల్గే డబ్బాను ఆక్రమిస్తుంది. మూత ఉన్న పారదర్శక డబ్బా, ఉత్తరం కిటికీ, రోజూ కాసేపు మూత తీసి గాలి తగలనివ్వడం, అంతే.

జెమ్మాలను తడి టూత్‌పిక్ కొసతో ఎత్తి మట్టి మీద ఉంచాలి, కప్పడం అక్కర్లేదు. కప్పులో ఉన్నన్నాళ్లూ అవి పెరగకుండా ఆగి ఉంటాయి. బయట ఏ వైపు పడినా కింద ఉన్న ముఖం నుంచే మూలతంతువులు (వేళ్లలాంటి సన్నటి పోగులు) వేస్తాయి. జెమ్మాలను కప్పులోంచి బయటికి చిమ్మే పనిని బయట వాన చినుకు చేస్తే, డబ్బాలో టూత్‌పిక్ చేస్తుంది. ఏప్రిల్‌లో డబ్బా లోపల వేడి చేరకుండా వంటింటి గట్టు కింద, నేల మీదికి మారుస్తాను. కుండీ దోమలు వస్తే మూతకు పలచటి గుడ్డ కడతాను.

గొడుగులు మాత్రం ఇంకా లేవలేదు. మార్కాంషియా పాలిమార్ఫాకైతే ప్రయోగశాలల్లో పొడవైన పగళ్లు, వాటికి తోడు ఫార్-రెడ్ కాంతి (ఎరుపుకు అంచున, కంటికి సరిగా ఆనని కాంతి) ఇచ్చి గొడుగులు తెప్పిస్తారు. ఇక్కడ అతి పొడవైన పగలు కూడా 13 గంటలకు తక్కువే. పైగా నా డబ్బాలోవన్నీ ఒకే మొక్క జెమ్మాలు, కాబట్టి అన్నీ ఆడవో, అన్నీ మగవో అవుతాయి. ఫార్-రెడ్ ఎల్‌ఈడీ ఒకటి తెప్పించాను, దసరా తర్వాత పెడతాను. రిక్షియా జాతి తేల్చాలంటే సిద్ధబీజాల మీది గీతలను మైక్రోస్కోపులో చూడాలి. అందుకని పండిన థాలస్‌లను ఆరబెట్టి కాగితం పొట్లంలో దాచాను. పైన ప్రజాతి పేరు (రిక్షియా), దొరికిన చోటు, తేదీ రాసి, జాతి పేరుకు ఖాళీ వదిలాను.