సగం మబ్బు పట్టిన గడి

నాకు అప్పగించిన పని వినడానికి చిన్నదే. వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే క్లైమేట్ మోడల్‌లో, మేఘాల లెక్క చూసే పాత సబ్‌రొటీన్ (ప్రోగ్రామ్‌లో ఒక భాగం) తీసేసి కొత్తది పెట్టాలి. నెల రోజుల పని అనుకున్నాను. పదకొండు నెలలు పట్టింది.

మోడల్ భూగోళాన్ని గడులుగా కోస్తుంది. మాది ఒక్కో గడి దాదాపు వంద కిలోమీటర్లు. ఆ గడిలో ఒక్కో పొరకు ఉష్ణోగ్రత ఒకటే అంకె, తేమ ఒకటే అంకె. మధ్యాహ్నం తేలే దూదిపింజ మబ్బు చూస్తే తరచూ కిలోమీటరు కూడా ఉండదు. సగటు తేమ 100 శాతానికి చేరేదాకా ఆగితే ఆ మబ్బు మోడల్‌లో పుట్టనే పుట్టదు. అందుకే పాత కోడ్‌లో ఒక అడ్డదారి ఉంది. సాపేక్ష ఆర్ద్రత 80 శాతం దాటితే గడిలో కొంత భాగం మబ్బు పట్టినట్టే లెక్క. 1989లో సుంద్‌క్విస్ట్ బృందం ప్రచురించిన సూత్రం అది. 95 శాతం ఇస్తే సరిగ్గా సగం గడి మబ్బు అంటుంది.

"ఆ 80 ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు మా గైడ్.

"ట్యూనింగ్ సర్, ఫలితాలు సరిపోయేలా సర్దిన అంకె" అన్నాను.

"దాని అర్థం ఏమిటని అడుగుతున్నా. కాగితం మీద చేసి తీసుకురా."

ఆ సాయంత్రం కూర్చున్నాను. గడిలో మొత్తం నీరు, అంటే ఆవిరీ మబ్బు నీరూ కలిపి, అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒక కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య సమానంగా పరుచుకుని ఉందనుకుని, సంతృప్తం (100 శాతం తేమ) దాటిన భాగమే మబ్బు అని లెక్క వేశాను. అర పేజీలో సరిగ్గా అదే సూత్రం ఊడిపడింది! సగటు 80 ఉన్నప్పుడు గడిలో అన్నిటికన్నా తడిగా ఉన్న మూల అప్పుడే సంతృప్తమవుతోందని దాని అర్థం. అంటే తేమలో హెచ్చుతగ్గులు లేవని పాత కోడ్ అనడం లేదు. ప్రశాంతమైన సముద్రం మీదా, ఎండకు కాగే నేల మీదా, రాత్రీ పగలూ ఆ హెచ్చుతగ్గులు ఒకే నిష్పత్తిలో ఉంటాయని అంటోంది. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. అన్నాళ్లుగా ఆ ఫైలు తెరిచి మూస్తూ కూడా చూడలేదు.

కొత్త పద్ధతిలో ఆ కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య వెడల్పును మోడల్‌లోని టర్బులెన్సే (గాలి సుడులే) చెబుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1977లోనే సొమేరియా, డియర్‌డార్ఫ్ ఒక పేపర్‌లోనూ, మెల్లర్ మరో పేపర్‌లోనూ గంట ఆకారపు పంపిణీతో, అంటే నీరు సగటు చుట్టూ రెండు వైపులా సమానంగా పరుచుకుందనుకుని రాశారు. అదే పెట్టాను. ఒకే నిలువు గడితో నడిపి చూస్తే స్ట్రాటోక్యుములస్ (తక్కువ ఎత్తులో దుప్పటిలా పరుచుకునే మబ్బుల) కేసు బాగానే వచ్చింది. బార్బడోస్ దగ్గర 1969లో జరిగిన బోమెక్స్ ప్రయోగం ఆధారంగా కట్టిన కేసులో మాత్రం మబ్బులు దాదాపు మాయం. అక్కడ పైకి లేచే కొద్దిపాటి గాలి స్తంభాలే బాగా తడిగా ఉంటాయి, చుట్టూ అంతా పొడి. పంపిణీకి తడి వైపు పొడవాటి తోక ఉండాలి. గంట ఆకారానికి రెండు వైపులూ సమానమే కదా. చివరికి టామ్‌కిన్స్ 2002లో చేసినట్టు ఒక వైపు ఒరగగల బీటా పంపిణీకి మారి, వెడల్పునూ ఆ ఒరుగునూ మోడల్ ప్రతి కాలపు అడుగులో మోసుకెళ్లేలా మార్చాల్సి వచ్చింది.

ఆ తర్వాత నాన్‌లు (NaN, అంటే లెక్క చెడి అంకె కాకుండా పోయిన ఫలితాలు) మొదలయ్యాయి. రాత్రి రన్ పెట్టి వెళ్తే పొద్దున ఫైలు నిండా అవే. మొదట వాన కోడ్‌లో కనిపించాయి కాబట్టి రెండు వారాలు అక్కడే వెతికాను. అసలు కారణం చాలా పైన ఉంది. టర్బులెన్స్ చచ్చిపోయిన పొరలో వెడల్పు సున్నా అవుతోంది, నేను దానితో భాగిస్తున్నాను. కనీస వెడల్పు ఒకటి పెట్టాక ఆగింది. 80ని తీసేసి దాని తమ్ముణ్ణి తెచ్చి కూర్చోబెట్టినట్టయింది.

వాన దగ్గర ఇంకో పాఠం. మేఘబిందువులు కలిసి చినుకులయ్యే వేగానికి 2000లో ఖైరౌత్దినోవ్, కోగన్ ఇచ్చిన సూత్రంలో మబ్బు నీటి ఘాతాంకం 2.47. మబ్బులో సగం భాగంలో 1 యూనిట్ నీరు, మిగతా సగంలో దాదాపు ఏమీ లేదనుకోండి. సగటు 0.5ని సూత్రంలో వేస్తే 0.18 వస్తుంది. విడివిడిగా వేసి సగటు తీస్తే 0.5. దాదాపు 2.8 రెట్ల తేడా! వెడల్పు మేఘాల కోడ్‌కు మాత్రమే తెలిస్తే చాలదు, వానకూ తెలియాలి. సూర్యకాంతి లెక్కకూ అంతే. మబ్బు మందం పెరిగేకొద్దీ తెల్లదనం పెరగడం నెమ్మదిస్తుంది. అందుకే ఉన్న నీటిని సమంగా పరిస్తే మబ్బు ఉండాల్సినదాని కన్నా తెల్లగా మెరుస్తుంది.

భూగోళం మొత్తానికి నడిపినప్పుడు అసలు టెన్షన్ పట్టుకుంది. వచ్చే ఎండకూ పోయే వేడికీ పొంతన చెడింది. మేఘాల నికర ప్రభావమే చదరపు మీటరుకు సుమారు 20 వాట్ల చల్లదనం. అందులో చిన్న శాతం జరిగినా ఊరికే పోదు. పాత మోడల్‌లో మబ్బులు తక్కువ, ఉన్నవి మరీ తెలుపు. ఆ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పుకుని లెక్క సరిపోయేది. నేను ఒకటి సరిచేసేసరికి రెండోది బయటపడింది. మళ్లీ ట్యూనింగ్, ఇంకో మూడు నెలలు.

ఇప్పుడు ద్రవ మేఘాలకు కొత్త కోడ్ నడుస్తోంది. మంచు మేఘాల జోలికి పోలేదు. సంతృప్తం దాటగానే మిగులు నీరంతా మబ్బవుతుందన్న నా లెక్క అక్కడ చెల్లదు. మంచు పరంగా 100 శాతం చాలా దాటినా స్ఫటికాలు పుట్టకుండా గాలి అలాగే ఉండగలదు. అందుకని పై పొరల్లో ఇప్పటికీ ఆ పాత సూత్రమే ఉంది, తన 80తో సహా.