పదకొండు నెలల కాయితం

కూకట్‌పల్లిలో పాత ఇల్లు ఖాళీ చేసిన పది రోజులకి, ఆ అడ్రసుకి వెళ్ళిపోయిన కొరియర్ తెచ్చుకుందామని మళ్ళీ ఆ గుమ్మం ఎక్కాను. అప్పటికే కొత్తవాళ్ళు దిగిపోయారు. తలుపు తీస్తే ఎదురుగా వంటింటి గోడ. మా పాప ఎత్తు కొలుస్తూ పెన్సిల్‌తో గీసిన గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పెయింటింగ్ అని చెప్పి మా అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె, 18,000 రూపాయలు, పట్టుకున్నారు ఓనర్లు. గోడకి బ్రష్షే తగల్లేదు.

పోట్లాడే దారీ లేదు. అగ్రిమెంటు పన్నెండో పాయింటులో ఆ ముక్క రాసే ఉంది, కింద నా సంతకం ఉంది. మూడు పేజీల ఇంగ్లీషులో ఆ రోజు నేను చూసుకున్నవి రెండే: నా పేరు స్పెల్లింగు, అద్దె అంకె.

అందుకని నిజాంపేటలో ఇల్లు కుదిరాక, సంతకానికి ముందు రోజు రాత్రి తణుకులో మా బాబాయికి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్ళు డాక్యుమెంట్ రైటరుగా చేసిన మనిషి. అద్దె అగ్రిమెంట్లన్నీ పదకొండు నెలలకే రాస్తారు, అసలీ లెక్కేంటి బాబాయ్ అన్నాను.

"1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అమ్మా. పదిహేడో సెక్షను. అసలు చట్టంలో ఏడాది దాటిన లీజైతేనే రిజిస్టరు చేయించి తీరాలని ఉంది. మన దగ్గర తర్వాత సవరణతో ఏ లీజైనా చేయించాల్సిందే, కానీ పాత అలవాటు పోలేదు. స్టాంపు డ్యూటీ, ఫీజు, ఇద్దరూ రిజిస్ట్రేషన్ ఆఫీసుకి తిరగడం, ఇవన్నీ ఎవడు పడతాడని పదకొండుకి ఆపేస్తారు. నోటరీ ముద్ర పడితే రిజిస్ట్రేషన్ అయిపోయిందనుకునేవాళ్ళు బోలెడుమంది. అది వేరు, ఇది వేరు. మూడేళ్ళకి రాసుకుని రిజిస్టరు చేయించకపోతే, రేపు కోర్టులో ఆ షరతులకి ఆ కాయితం రుజువుగా నిలబడదు."

ఖాళీ చేసే ముందు ఇవ్వాల్సిన నోటీసు సంగతీ ఆయనే చెప్పారు. ఏమీ రాసుకోకపోతే నెలవారీ అద్దెకి చట్టం చెప్పేది పదిహేను రోజుల నోటీసేనట. రాసుకుంటే మాత్రం రాసుకున్నదే లెక్క.

మర్నాడు ఓనరుగారింట్లో కూర్చున్నాం. రిటైరైన పెద్దాయన, మాకు అంకుల్. అద్దె 22,000, మెయింటెనెన్స్ 2,500, అడ్వాన్సు రెండు నెలలది. అంతా మాట అయిపోయింది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద డీటీపీ చేయించి తెచ్చి, పెన్ను క్యాప్ కూడా తీసి పెట్టారాయన.

"ఒకసారి చదువుతానంకుల్."

"మామూలేనమ్మా, అందరికీ ఇదే ఫార్మాటు."

చదివాను. ఎనిమిదో పాయింటుకొచ్చేసరికి నవ్వాగలేదు. సదరు మల్గీలో పేలుడు పదార్థాలు నిల్వ చేయరాదట! మల్గీ అంటే హైదరాబాదులో షాపు (మా గోదావరివైపు ఆ మాటే వినం, కిరాయి అన్న మాట కూడా నాకు ఇక్కడికొచ్చాకే అలవాటైంది). డీటీపీ కుర్రాడు ఎవరిదో కొట్టు అగ్రిమెంటులో పేర్లు మార్చి ఇచ్చేశాడు. అంకుల్ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, ఆయనా నవ్వేశారు. ఆ నవ్వు నాకు బాగా కలిసొచ్చింది. అక్కడి నుంచి ఆయన కూడా నాతోపాటు చదవడం మొదలెట్టారు.

మేం ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు చెప్పాలి, ఆయన చేయించాలంటే నెల చాలు అని ఉంది. ఇద్దరికీ రెండు నెలలే అన్నాను, పెన్నుతో దిద్దారు. పదకొండు నెలల తర్వాత పెంపు పది శాతం ఉంటే ఐదుకి దిగింది. పెయింటింగ్ దగ్గర మాత్రం అరగంట పట్టింది. "వేయించకుండా ఎవరికిస్తానమ్మా ఇల్లు?" అంటారాయన. పెన్సిల్ గీతల కథ చెప్పాల్సి వచ్చింది. చివరికి, నిజంగా పెయింటింగ్ చేయిస్తే బిల్లు చూపించి, ఒక నెల అద్దె మించకుండా పట్టుకోవచ్చని రాసుకున్నాం. మిగతా అడ్వాన్సు తాళాలిచ్చిన పదిహేను రోజుల్లో తిరిగివ్వాలి. ఈ గడువు చాలా అగ్రిమెంట్లలో ఉండనే ఉండదు, డబ్బు నెలల తరబడి ఇరుక్కునేది అక్కడే.

పాన్ నంబరు అడిగితే ముందు కాస్త మొహం ముడుచుకున్నారు. ఏడాది అద్దె లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటద్దె అలవెన్సు) మీద పన్ను మినహాయింపు కోసం ఓనరు పాన్ ఆఫీసులో ఇవ్వాలి, మాది రెండు లక్షల అరవై నాలుగు వేలు. ఇల్లు మాటాడుకునేటప్పుడే అడగాల్సింది, నా తప్పే. రాత్రి వాళ్ళబ్బాయితో మాట్లాడి వాట్సాప్‌లో పంపారు.

ఆఖర్న ఒక విడి కాయితం జతచేశాం. ఫ్యాన్లు నాలుగు, గీజరు ఒకటి, ట్యూబులైట్లు ఐదు, బాల్కనీ కుళాయి కారుతోంది, హాలు కిటికీ అద్దం మూల పగులుంది. కిందకి దిగి, వాచ్‌మన్ టార్చి పడితే కరెంటు మీటరు రీడింగు రాసుకున్నాం. దాని కిందా సంతకాలు చేశాం. ఒరిజినల్ ఆయనకీ జిరాక్స్ మాకూ కాకుండా, రెండు స్టాంపు పేపర్ల మీద రెండు ఒరిజినల్స్ చేయించాం.

పదకొండు నెలలు మొన్ననే నిండాయి. చెప్పినట్టే ఐదు శాతం పెంచి, 23,100కి కొత్త కాయితం తెచ్చారు అంకుల్. "అంతా పాతదేనమ్మా, తేదీలు మార్పించానంతే" అన్నారు. అలవాటు కొద్దీ చదివాను. ఎనిమిదో పాయింటులోకి మల్గీ తిరిగొచ్చేసింది.