సర్వర్‌లో చోటు పెరిగింది

ఇంట్లో వీడియోలు, పాటలు దాచుకునే కంప్యూటర్, అంటే మీడియా సర్వర్, 97 శాతం నిండిపోయింది. అక్క పెళ్లి వీడియోలు, నాన్న పాడిన త్యాగరాజ కీర్తనలు అన్నీ అందులోనే. ఏదీ చెరపబుద్ధి కాలేదు. పాత 4 టీబీ (టెరాబైట్ల) డిస్కులు రెండూ మార్చి 8 టీబీవి వేద్దామనుకున్నాను. రెండు డిస్కులనూ జతగా వాడే రెయిడ్ 1 పద్ధతి కాబట్టి రెండింటిలోనూ ఒకే డేటా ఉంటుంది. ఒకటి తీసి కొత్తది పెడితే రెండోదాని నుంచి కాపీ అవుతుంది. అలా కాపీ అయిన 9 గంటలూ పాత డిస్క్ ఒక్కటే ఆధారం. ముందే విడిగా బ్యాకప్ తీసుకున్నా టెన్షన్ తగ్గలేదు. పచ్చ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే పక్కనే కూర్చున్నాను.

మర్నాడు రెండోదీ మార్చి, సర్వర్ వాడుకునే చోటు (వాల్యూమ్) పెంచితే 7.2 టీబీ చూపించింది. (8 కాకుండా 7.2 ఎందుకంటే, డిస్క్ మీద రాసేది వెయ్యి లెక్క, సర్వర్ చూపేది 1024 లెక్క.) వెంటనే నాన్న పాట పెట్టాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, తడి చేతులతో అలాగే నిలబడి వింది.