గద పట్టిన యముడు, ఫిడేలు పట్టిన మృత్యువు

చిన్నతనంలో విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పందిట్లో సతీ సావిత్రి నాటకం చూస్తుండగా యముడి మీసం ఒక పక్క ఊడి వేలాడింది. ఆ నటుడు పద్యం ఆపకుండానే ఎడమచేత్తో దాన్ని అదుముకుని, బంగారు కాగితం చుట్టిన గదను నేలకు ఆనించి రాగం పూర్తి చేశాడు. జనం నవ్వి, వెంటనే ఒన్స్‌మోర్ కొట్టారు.

మన యముడికి దున్నపోతూ పాశమే కాక, చిట్టా రాసే చిత్రగుప్తుడూ ఉన్నాడు కనుక ఆయనతో వాదించవచ్చు. సావిత్రి వాదించే గెలిచింది. 1977 నాటి ‘యమగోల’లో కైకాల సత్యనారాయణ యముడు మనల్ని నవ్వించగలిగిందీ, నా ఉద్దేశంలో, ఈ చనువు వల్లనే.

ఐరోపా మృత్యువుకు ఒంటి మీద కండే లేదు. 1538లో లియోన్‌లో అచ్చయిన జర్మన్ చిత్రకారుడు హోల్బైన్ చెక్క అచ్చు బొమ్మల్లో ఆ ఎముకల గూడు క్రైస్తవ మతగురువు పోప్‌నూ వదలదు. దున్నుకుంటున్న ముసలి రైతు పక్కన పరుగెడుతూ గుర్రాలను అదిలిస్తుంది. ఆ బొమ్మలో నాకు భయం కన్నా జాలే కనిపిస్తుంది.

ఫ్రెంచ్ స్వరకర్త సాన్‌సాన్స్ 1874లో రాసిన ‘దాన్స్ మకాబ్ర్’ (మృత్యు నాట్యం) అనే వాద్య సంగీతాన్ని మొన్న ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ మళ్లీ విన్నాను. హార్ప్ అనే తీగవాద్యం అర్ధరాత్రి పన్నెండు గంటలు కొడుతుంది. పై తీగను అర స్వరం దించిన ఫిడేలుతో మృత్యువు అపశ్రుతి పలికిస్తుంది. చెక్కపలకల జైలోఫోన్ ఎముకల్లా టకటకలాడుతుంది. చివర ఓబో అనే ఊదే వాద్యం కోడికూత కూయగానే ప్రేతాలన్నీ సమాధుల్లోకి జారుకుంటాయి.