అమెరికా రిటైల్ ఐటీలో పండుగ సీజన్: ఫ్రీజ్ నుంచి ఫర్లో దాకా

1939లో అమెరికాలో వ్యాపారుల కోసం ఒక పండుగ తేదీనే మార్చారు. ఆ ఏడు నవంబరులో ఐదు గురువారాలు వచ్చాయి. ఆనవాయితీ ప్రకారం థ్యాంక్స్‌గివింగ్ చివరి గురువారం, అంటే 30న రావాలి. అలాగైతే క్రిస్మస్ కొనుగోళ్లకు మూడున్నర వారాలే మిగులుతాయని దుకాణాలవాళ్లు మొరపెట్టుకున్నారు. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పండుగను వారం ముందుకు, 23కు జరిపాడు. కొన్ని రాష్ట్రాలు సరేనన్నాయి, కొన్ని పాత తేదీనే పట్టుకుని కూర్చున్నాయి. చివరికి 1941లో కాంగ్రెస్ చట్టం చేసి నాలుగో గురువారం అని ఖాయం చేసింది.

బెంటన్‌విల్ కావచ్చు, మినియాపొలిస్ కావచ్చు, అట్లాంటా కావచ్చు, రిటైల్ కంపెనీల ఐటీలో ఉన్న తెలుగువాళ్ల ఏడాది పనంతా ఇప్పటికీ ఆ గురువారం చుట్టూనే తిరుగుతుంది. అది 22న రావచ్చు, 28న రావచ్చు. 22న వస్తే క్రిస్మస్‌కు మధ్యలో 32 రోజులు, 28న వస్తే 26 రోజులే. 2019లోనూ 2024లోనూ 26 రోజులే దొరికాయి. అమ్మాల్సిన సరుకు అంతే, రోజులు తక్కువ, కాబట్టి సర్వర్ల మీద రోజువారీ భారం పెరుగుతుంది. కెపాసిటీ లెక్క వేసేటప్పుడు ముందు చూడాల్సింది ఈ తేదీనే.

నిరుటితో పోల్చే రిపోర్టులు తప్పేది కూడా ఇక్కడే. బ్లాక్ ఫ్రైడే, అంటే థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు వచ్చే భారీ తగ్గింపుల శుక్రవారం, 2023లో నవంబరు 24న వచ్చింది, 2024లో 29న. తేదీకి తేదీ పోల్చే డ్యాష్‌బోర్డు 2024 నవంబరు 24న చూస్తే అమ్మకాలు కుప్పకూలినట్టు కనిపిస్తాయి. అర్ధరాత్రి అందరినీ లేపి బ్రిడ్జి కాల్ (టీములన్నీ కలిసే అత్యవసర ఫోన్ కాల్) మీద కూర్చోబెడతారు. పోలిక థ్యాంక్స్‌గివింగ్ నుంచి ఎన్నో రోజు అన్న లెక్కన ఉండాలి. దీపావళికి ఇది ఇంకా ముఖ్యం. పెద్ద స్టోర్లు ఇప్పుడు దీపావళి సరుకు కూడా పెడుతున్నాయి, కానీ ఆ పండుగ 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. 2024లో అది హాలోవీన్ రోజే. తేదీని చూసి నేర్చుకున్న ఫోర్‌క్యాస్ట్ మోడల్ 2025లో ప్రమిదలను పండుగ వెళ్లిపోయాక షెల్ఫుకు పంపుతుంది. ఈవెంట్ క్యాలెండర్ టేబుల్‌లో వచ్చే మూడేళ్ల తేదీలు ముందే ఎక్కించమని అడగగలిగేది టీములో మనవాళ్లే. అడగాలి.

కోడ్ ఫ్రీజ్ చాలా కంపెనీల్లో నవంబరు మొదటి రెండు వారాల్లో మొదలై జనవరి రిటర్నుల తాకిడి తగ్గేదాకా నడుస్తుంది. ఆ రోజుల్లో విరిగినదాన్ని బాగుచేయడం తప్ప కొత్తదేదీ ప్రొడక్షన్‌కు వెళ్లదు. దీనివల్ల అక్టోబరు ఆఖరి వారంలో అందరూ తోసుకుంటూ రిలీజులు చేస్తారు, సగం టెస్టుతోనే. సీజన్‌లో బయటపడే బగ్గుల్లో చాలావాటి పుట్టుక ఆ వారమే. మీ టీముకు అసలు ఫ్రీజ్ కంటే మూడు వారాల ముందే సొంత గడువు పెట్టుకోవడం మంచిది. పైగా ఫ్రీజ్‌లో కూడా గడువు తీరిపోయేవి ఉంటాయి: సర్టిఫికెట్లు, ఏపీఐ కీలు, సర్వీస్ అకౌంట్ల పాస్‌వర్డులు. నవంబరు 1 నుంచి జనవరి 31 లోపు ఎక్స్‌పైర్ అయ్యే ప్రతిదాన్నీ అక్టోబరులోనే రెన్యూ చేయించాలి. మార్కెటింగ్‌వాళ్లు ట్యాగ్ మేనేజర్ (కోడ్ రిలీజు లేకుండానే పేజీలో స్క్రిప్టులు చేర్చే సాధనం) ద్వారా పెట్టే స్క్రిప్టులకు చాలాచోట్ల ఫ్రీజ్ వర్తించదు, పేజీ నెమ్మదించిందంటే ముందు అక్కడ చూడండి.

లోడ్ టెస్టు (ఉత్తుత్తి యూజర్లతో భారం మోపి చూసే పరీక్ష) పాసైన సిస్టమే బ్లాక్ ఫ్రైడే నాడు ఎందుకు పడిపోతుంది? టెస్టులో యూజర్లను లక్ష వస్తువుల మీద సమంగా పరుస్తారు. అసలు రోజున జనమంతా ఒక టీవీ, ఒక గేమ్ కన్సోల్, రెండు బొమ్మల మీద పడతారు. ఇన్వెంటరీ టేబుల్‌లో అదే వరుసను వేలమంది ఒకేసారి అప్‌డేట్ చేయబోయేసరికి లాకులు పేరుకుపోతాయి, అంటే ఒకరి పని అయ్యేదాకా మిగతావాళ్లు ఆగాల్సి వస్తుంది. టెస్టు ట్రాఫిక్‌లో సగానికి పైగా పదిలోపు వస్తువుల మీదకే మళ్లించి చూస్తే ఈ లోపం ముందే బయటపడుతుంది. రెండోది క్యాష్, అంటే డేటాబేస్‌ను మళ్లీమళ్లీ అడగకుండా జవాబులు తాత్కాలికంగా దాచుకునే చోటు. ధరలన్నీ అర్ధరాత్రి మారాలి కాబట్టి క్యాష్ ఎంట్రీలన్నీ అర్ధరాత్రికే ఎక్స్‌పైర్ అయ్యేట్టు పెడతారు. అప్పుడు గుడి తలుపులు తీయగానే జనం తోసుకొచ్చినట్టు రిక్వెస్టులన్నీ ఒక్కసారిగా డేటాబేస్ మీద పడతాయి. కొత్త ధరలను ముందుగానే క్యాష్‌లోకి ఎక్కించి, ఎక్స్‌పైరీకి ఒకటి రెండు నిమిషాలు రాండమ్‌గా కలిపితే ఆ తాకిడి విడిపోతుంది.

టైమ్‌జోన్ పొరపాటు ఏటా ఎక్కడో ఒకచోట జరుగుతుంది. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. వేసవిలో ఈస్టర్న్ అర్ధరాత్రి అంటే యూటీసీలో (ఏడాదంతా మారని ప్రపంచ ప్రామాణిక సమయంలో) తెల్లవారుజాము 4. ఆ ఆదివారం తరువాత అది 5 అవుతుంది. సెప్టెంబరులో కూర్చుని ఆఫర్ జాబును యూటీసీ 4కు షెడ్యూల్ చేస్తే బ్లాక్ ఫ్రైడే ధర గురువారం రాత్రి 11కే తెరుచుకుంటుంది. హైదరాబాద్ టీముతో షిఫ్టు మార్పిడి కూడా ఇలాగే తప్పుతుంది, తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నరకు పెరుగుతుంది కాబట్టి. హ్యాండోవర్ షీటులో రెండు ఊళ్ల సమయాలూ పక్కపక్కన రాయండి.

కూపన్ల క్రమం చిన్న విషయంలా కనిపిస్తుంది. 100 డాలర్ల వస్తువుకు ముందు 30 శాతం, తరువాత 20 డాలర్లు తగ్గిస్తే కస్టమర్ కట్టేది 50. క్రమం మారిస్తే 56. వెబ్‌సైటు ఒక క్రమంలో, స్టోర్ కౌంటర్ ఇంకో క్రమంలో లెక్కేస్తే, ఆన్‌లైన్‌లో కొని స్టోర్‌లో తిరిగిచ్చిన ప్రతి వస్తువుకూ రిఫండ్ తేడా వస్తుంది. ఈ గొడవ బయటపడేది డిసెంబరు 26న.

డిసెంబరులో కొనేది ఎక్కువగా ఇంకొకరికి ఇవ్వడానికి. సిస్టమ్‌లు దాన్నే అనుమానిస్తాయి. బిల్లింగ్ అడ్రస్ ఒకటి, పార్సిల్ వెళ్లే అడ్రస్ ఇంకొకటి. ఆ అడ్రస్ ఎప్పుడూ వాడనిది. పైగా త్వరగా పంపమని అదనపు చార్జీ. ఏడాదంతా ఇవి మోసానికి గుర్తులు, ఈ నెలలో మాత్రం మామూలు మనుషులు చేసేదే ఇది. రూల్స్ బిగించి ఉంచితే మనవరాలికి తాతయ్య పంపిన బొమ్మ మాన్యువల్ రివ్యూ క్యూలో రెండు రోజులు కూర్చుని పండుగ దాటాక చేరుతుంది. అందరికీ సడలిస్తే చార్జ్‌బ్యాకులు (కార్డు యజమాని ఫిర్యాదుతో బ్యాంకు వెనక్కి లాక్కునే సొమ్ము) వారాల తరువాత, జనవరి ఫిబ్రవరిల్లో వచ్చిపడతాయి. పాత అకౌంటు, పాత కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే అడ్రస్ రూల్ సడలించడం నడిచే పద్ధతి. ఇ-గిఫ్ట్ కార్డులకు మాత్రం అసలు సడలించకూడదు, ఎందుకంటే మోసం చేసినవాడు నిమిషంలో వాడేసుకుంటాడు.

గిఫ్ట్ కార్డుల సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. షిప్పింగ్ గడువు దాటిపోయాక, డిసెంబరు 23, 24ల్లో, ఇంకేమీ చేరదని తెలిసినవాళ్లు కార్డు కొంటారు. 25 పొద్దున బ్యాలెన్స్ చూసే పేజీకి ఒక్కసారిగా తాకిడి, దాంతోపాటు నంబర్లు వరసగా ప్రయత్నించి చూసే బాట్లు. ఆ పేజీకి రేట్ లిమిట్ (ఒకరు ఎన్నిసార్లు ప్రయత్నించవచ్చో హద్దు) లేకపోతే కార్డులు ఖాళీ అయిపోతాయి. లెక్కల్లో కార్డు అమ్మకం ఆదాయం కాదు, అప్పు. కార్డు వాడినప్పుడే ఆదాయంగా రాస్తారు. ఎప్పటికీ వాడరని అంచనా వేసిన భాగాన్ని బ్రేకేజ్ పేరుతో కొద్దికొద్దిగా ఆదాయంలో కలుపుకుంటారు. 2009 నాటి కార్డ్ చట్టం వల్ల కనీసం ఐదేళ్లదాకా ఆ డబ్బు ఎక్స్‌పైర్ కాకూడదు. ఒకరు ప్రేమగా ఇచ్చిన కానుకలో కొంత, పుచ్చుకున్నవాళ్లు మరిచిపోవడం వల్ల దుకాణానికే మిగలడం ఈ వ్యాపారంలో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి. కార్డు వస్తే జనవరిలోనే వాడేయండి.

ఇక ఆన్‌కాల్, అంటే ఏ వేళ పిలిచినా అందుకోవాల్సిన డ్యూటీ. రోస్టర్ వేసేటప్పుడు "వాళ్లకు క్రిస్మస్ లేదు కదా" అనే లెక్కతో థ్యాంక్స్‌గివింగ్ రాత్రి, డిసెంబరు 24 రాత్రి ఇండియావాళ్ల పేర్లు పడతాయి. చాలామంది ఇష్టంగానే ఒప్పుకుంటారు, సంక్రాంతికి సెలవు దొరుకుతుందని. ఆ ఒప్పందం నోటిమాటగా ఉండకూడదు, సంక్రాంతి సెలవును అదే రోజు సిస్టమ్‌లో పెట్టి ఆమోదం తీసుకోవాలి. కానీ టీములోని తెలుగు క్రైస్తవులకు 24 రాత్రి ఆరాధన ఏడాదికి పెద్ద పండుగ. వాళ్ల పేర్లూ అదే లెక్కలో కలిపేయడం అన్యాయం. 15 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ మతపరమైన ఆచరణకు వీలు కల్పించాలని 1964 పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయం చెబుతుంది. 2023లో గ్రాఫ్ వర్సెస్ డిజాయ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిపరిచింది. ఆదివారం అమెజాన్ పార్సిళ్లు పంచనన్న పెన్సిల్వేనియా పోస్టల్ ఉద్యోగి కేసు అది. వ్యాపారానికి గణనీయమైన భారం అవుతుందని చూపించలేకపోతే సంస్థ కాదనడానికి లేదని తీర్పు. సెప్టెంబరులో రోస్టర్ డ్రాఫ్టు రాకముందే, ఫలానా రోజున మతపరమైన కారణంతో డ్యూటీ చేయలేనని, బదులు ఫలానా రోజు చేస్తానని మేనేజరుకు, హెచ్‌ఆర్‌కు కలిపి మెయిల్ పెట్టండి. డిసెంబరు 20న అడిగితే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

జీతం మీద ఉన్న సాఫ్ట్‌వేర్‌వాళ్లలో చాలామందికి ఓవర్‌టైమ్ రాదు, ఎగ్జెంప్ట్ కిందకు వస్తారు. గంటల లెక్కన ఉన్నవాళ్లు మాత్రం రాత్రి 2 గంటల బ్రిడ్జి కాల్‌ను కూడా టైమ్‌షీటులో రాయాలి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీదున్న పిల్లలకు ఒక మాట: సీజన్‌లో గోదాములవాళ్లు మనుషుల కోసం వెతుకుతుంటారు, కానీ అనుమతి లేకుండా క్యాంపస్ బయట ఒక్కరోజు పనిచేసినా స్టేటస్ పోతుంది.

అన్నిటికంటే నష్టం జరిగేది ఫర్లోలో, అంటే పని ఆపి జీతం లేకుండా ఇంట్లో కూర్చోబెట్టే రోజుల్లో. చాలా క్లయింట్లు డిసెంబరు 24 నుంచి జనవరి 1 దాకా కాంట్రాక్టర్లు బిల్లు చేయవద్దని మెయిల్ పంపుతారు. కన్సల్టెన్సీ ఆ వారం జీతం ఆపేస్తుంది. ప్రైవేటు సంస్థలు పండుగ సెలవులకు జీతమివ్వాలని ఫెడరల్ చట్టమేదీ లేదు, దాన్నే సాకుగా చూపిస్తారు. హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్ల విషయం వేరు. పని లేకపోవడం వల్ల ఖాళీగా ఉన్నా ఎల్‌సీఏలో (వీసా కోసం యజమాని లేబర్ డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చే పత్రంలో) రాసిన జీతం యజమాని ఇవ్వాల్సిందే. మీ సొంత అవసరం కోసం మీరే అడిగి సెలవు తీసుకుంటే మాత్రం ఇవ్వక్కర్లేదు. అందుకే "నా ఇష్టపూర్వకంగా జీతం లేని సెలవు కోరుతున్నాను" అని రాసి పంపమంటారు. ఊరికి వెళ్లే పని నిజంగా ఉంటే తప్ప అది రాయకండి. క్లయింట్ పంపిన ఫర్లో మెయిల్, ఎల్‌సీఏ కాపీ, డిసెంబరు జనవరి పేస్టబ్బులు (జీతం రసీదులు) దాచుకోండి. రేపు వేరే కంపెనీకి మారడానికి వీసా ట్రాన్స్‌ఫర్ వేసినప్పుడు ఆ పేస్టబ్బుల్లో ఖాళీ కనిపిస్తే ప్రశ్నలు వస్తాయి. జీతం రాకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు డబ్ల్యూహెచ్-4 ఫారంతో ఫిర్యాదు చేయవచ్చు, ఉల్లంఘన జరిగిన 12 నెలల లోపు.